పక్క వీధి హబేషా కొట్టు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మా ఇంటి దగ్గర, మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఉన్న ఇథియోపియన్ (హబేషా) కొట్టు గురించి ఊరికే నాలుగు ముక్కలు రాసా, ఎర్ర పప్పు కోసం వెళ్ళి మూడు కప్పుల కాఫీ తాగి, పప్పు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చానని. అంతే, ఇక ఉత్తరాలే ఉత్తరాలు. ఇంతమంది ఆ కొట్ల ముందు నుంచి రోజూ నడుస్తూ లోపలికి వెళ్ళడానికి మొహమాటపడుతున్నారని నాకు తెలీదు సుమా. ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న: అక్కా, మేం ఈమధ్యే సిల్వర్ స్ప్రింగ్‌కి మారాం. మా బిల్డింగ్ కిందే ఇథియోపియన్ కొట్టు ఉంది. రెండుసార్లు వెళ్ళి, ఏం కొనాలో తెలీక, ఉత్త చేతులతో వస్తే బాగోదని ఒక ఉల్లిపాయల సంచి కొనుక్కుని బయటపడ్డా. మేం శాకాహారులం. అసలు అక్కడ మాకు పనికొచ్చేవి ఉంటాయా? (ఒక చెల్లెలు, సిల్వర్ స్ప్రింగ్)

జవాబు: ఉల్లిపాయలు కొన్నావు చూడు, సగం వంట అక్కడే అయిపోయింది తల్లీ. వాళ్ళ వంటలో ఉల్లిపాయ లేకపోతే కూరే లేదు, ఎందుకో కింద ఇంకో ఉత్తరంలో చెప్తా.

ఈసారి వెళ్ళినప్పుడు పేర్లు చదవకు, వాసన చూడు, కంటితో చూడు. మనింటి పోపులపెట్టె అక్కడ వేరే పేర్లతో కూర్చుని ఉంటుంది. నెచ్ అజ్ముద్ అని రాసుంటే అది మన వాము. టికుర్ అజ్ముద్ నల్లజీలకర్ర. నెచ్ అంటే తెలుపు, టికుర్ అంటే నలుపు, ఈ రెండు మాటలు వస్తే సగం కొట్టు చదివేసినట్టే. అబిష్ మెంతులు, సెనాఫిచ్ ఆవాలు, ఇర్ద్ పసుపు, జింజిబిల్ అల్లం. బెసోబెలా అని ఎండు ఆకుల పొట్లం ఉంటుంది, అది తులసికి దగ్గర చుట్టం, పొట్లం విప్పితే తులసికోట ముందు నిలబడ్డట్టే ఉంటుంది. మనకి లేనిది ఒక్క కొరారిమా, యాలక్కాయకి పెద్దన్నలా ఉంటుంది కాయ, గోధుమరంగులో, వాసన యాలక్కీ కర్పూరానికీ మధ్య ఎక్కడో.

పప్పుల వైపు వెళ్తే మిసిర్ అంటే ఎర్ర మసూర్ పప్పు, కిక్ అంటే బద్దలు, ఎక్కువగా పసుప్పచ్చ బఠాణీ బద్దలు, షింబ్రా అంటే శనగలు. షిరో అని నారింజ రంగు పొడి ఉంటుంది, వేయించిన శనగలో, బఠాణీయో మసాలా కలిపి ఆడించింది, చూస్తే మన కందిపొడి అక్కలాగా ఉంటుంది కానీ అన్నంలో కలుపుకోకు, అది నీళ్ళలో ఉడికించి గరిటజారుగా చేసుకునేది. మొదటిసారికి ఒక షిరో పాకెట్, ఒక చిన్న బర్బరే (వాళ్ళ కారం మసాలా పొడి) డబ్బా, ఐదు ఇంజెరాల (పుల్లటి అట్ల) కట్ట, ఒక గుప్పెడు కోలో అంటే వేయించిన బార్లీ, అంతే కొను. దాబో కోలో అని ఇంకోటి ఉంటుంది, చిటికెన వేలి గోరంత పిండిముక్కలు కరకరలాడుతూ, మా అబ్బాయి దాన్ని ఇథియోపియా చేగోడీ అంటాడు, టీవీ ముందు ఒక పాకెట్ అరగంట ఆగదు.

అన్నట్టు బోర్డుల మీద రాత చూసి భయపడొద్దు, అది కూడా మన గుణింతం లాంటిదే. ఒక్కో హల్లుకి ఏడు రూపాలు, అచ్చు మారితే అక్షరానికి ఓ కొమ్మో, కాలో, చిన్న గుండ్రమో వస్తుంది. క కా కి కీ నేర్చినవాళ్ళకి ఈ లెక్క అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు, ఇంగ్లీషు అక్షరాలే తెలిసినవాళ్ళకి మాత్రం కాస్త తిప్పలే.

ప్రశ్న: మేడమ్, మీరు రాసిన మాట నమ్మి ఇంజెరా తెచ్చా. మా ఆయన ఒక ముక్క తిని "పులిసిపోయిన అట్టు, అదీ ఒకవైపే కాల్చారు, చల్లారిపోయింది" అని పక్కన పెట్టేసారు. నేను పెనం మీద నెయ్యి వేసి కరకరలాడేలా కాల్చి కొబ్బరి చట్నీతో పెట్టా, ఇంకా ఘోరంగా అయింది. తప్పు ఎక్కడ? దీన్ని ఇంట్లో దోసె పిండితో చేసుకోవచ్చా? (గెయితర్స్‌బర్గ్ నుంచి)

జవాబు: తప్పు పెనం దగ్గర లేదమ్మా, దోసె అనుకోవడం దగ్గరుంది. చూడ్డానికి దోసెలా ఉంటుంది కాబట్టి మనవాళ్ళందరం అక్కడే పడతాం, నేనూ పడ్డా. ఇంజెరాని దోసెలా తింటే అది ఓడిపోయిన దోసె. అన్నంలా తినాలి. అంటే అది చప్పగా, మెత్తగా, కాస్త పుల్లగా కింద పరుచుకుని ఉంటుంది, పైన కూరలు, పప్పు, ఆకుకూర పోస్తారు, అట్టు నిండా ఉన్న చిల్లుల కళ్ళలోకి పులుసంతా దిగుతుంది, చివర్లో కింద నానిన ముక్క ఉంటుంది చూసారూ, దానికోసం మా ఇంట్లో తగువు. పప్పుచారన్నం అడుగున మిగిలిన ముద్ద రుచి అది. మీ ఆయనకి చట్నీతో పెట్టకండి, కాస్త ఘాటుగా మిసిర్ వత్ (ఎర్ర పప్పు కూర) చేసి దాంతో పెట్టండి, అప్పుడు పులుపు అంటే ఎందుకో ఆయనకే తెలుస్తుంది. వేడి చెయ్యక్కర్లేదు, అది గది వేడిలోనే తినే వస్తువు.

ఇంట్లో చెయ్యడం గురించి. దోసె పిండితో రాదు. టెఫ్ అని గసగసాలంత గింజ, దాని పిండి కావాలి, తెల్లది ఉంటుంది, ముదురు గోధుమరంగుదీ ఉంటుంది, కొట్లో రెండూ దొరుకుతాయి. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో 1980ల నుంచే పండిస్తున్నారు. ఇథియోపియా ప్రభుత్వం 2006లో ముడి టెఫ్ బయటికి పోకుండా ఆపేసింది, అక్కడి జనానికి ధర పెరిగిపోతోందని, కాల్చిన ఇంజెరాని మాత్రం ఆపలేదు, అందుకే అడిస్ అబాబా నుంచి విమానంలో ఎక్కి వచ్చే ఇంజెరా కూడా ఉంటుంది కొన్ని కొట్లలో. మన ఊళ్ళో బియ్యం బయటికి పంపొద్దని, ఇడ్లీలైతే పంపుకోండని అన్నట్టు అన్నమాట!

పద్ధతి చెప్తా, నాకు మా కొట్టు వెనక వంట చేసే ఆవిడ నేర్పినట్టు. పిండిలో నీళ్ళు పోసి పలచగా కలిపి, పాత పిండి మీద తేరిన నీళ్ళు కాస్త కలపాలి, దాన్ని ఎర్షో అంటారు, మనం పాలకి తోడు పెట్టినట్టే. రెండు మూడు రోజులు మూతపెట్టి వదిలేస్తే పైన నల్లటి నీళ్ళు తేరుతాయి, అవి వంచేయాలి. ఇప్పుడు అసలు కిటుకు. ఆ పిండిలోంచి ఒక గ్లాసుడు తీసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద జావలా కాచి, చల్లార్చి మళ్ళీ పిండిలో కలపాలి. దీన్ని అబ్సిత్ అంటారు. మా అమ్మ దూదిదోసెలకి అన్నం రుబ్బి కలిపేది, అదే బుద్ధి. అది కలిపాక గంటా రెండు గంటల్లో పిండి పొంగుతుంది, అప్పుడు పొయ్యాలి. పోసేటప్పుడు మనం మధ్యలో పోసి బయటికి తిప్పుతాం కదా, వాళ్ళు బయటి అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి వస్తారు, గరిటతో రుద్దరు. నూనె వెయ్యరు. పాతకాలంలో పెనాన్ని ఆవజాతి గింజల పొడితో రుద్దేవాళ్ళట, మనం ఉల్లిపాయ సగం కోసి రుద్దినట్టు. పొయ్యగానే కళ్ళు విచ్చుకోవడం మొదలవుతుంది, టపటపా, వాన చినుకులు చెరువులో పడ్డట్టు, కళ్ళన్నీ విచ్చాక మూత పెట్టి నిమిషం, అంతే, తిప్పరు. అట్లకాడ కూడా వాడరు, గడ్డితో అల్లిన చదునైన చాపని కిందికి జారవిడిచి ఎత్తేస్తారు.

నేను నాలుగుసార్లు ప్రయత్నించా. మూడుసార్లు కళ్ళు రాలేదు, నాలుగోసారి వచ్చాయి కానీ పెనానికి అతుక్కుంది. ఆ తర్వాత నుంచి కొట్లోనే కొంటున్నా, సిగ్గేం లేదు, ఇక్కడి ఇథియోపియన్లు కూడా చాలామంది కొనుక్కునే తింటారు. పొద్దున బేకరీ బండి వచ్చాక వెళ్తే కట్ట ఇంకా గోరువెచ్చగా ఉంటుంది, ప్లాస్టిక్ సంచి లోపల ఆవిరి పట్టి, కౌంటర్ మీద దొంతరలుగా పెట్టి ఉంటారు, పెద్దవాళ్ళు సంచి బయటి నుంచే వేలితో నొక్కి చూసి తీసుకుంటారు. మీరూ నొక్కండి, ఎవరూ ఏమీ అనరు.

మిగిలిన ఇంజెరాని మర్నాడు చింపి, పులుసులో కలిపి పొయ్యి మీద పెడితే ఫిర్‌ఫిర్ అవుతుంది. ఇడ్లీ ఉప్మా తినే జాతి కదా మనది, చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అక్కా నమస్తే, బ్యాచిలర్‌ని. బర్బరే కొన్నా, మన కారం లాగే కదా అని నూనె కాగాక తాలింపులో రెండు చెంచాలు వేసా. రెండు సెకన్లలో నల్లగా మాడిపోయింది, రూమ్మేట్స్ ముగ్గురూ దగ్గుతూ బాల్కనీలోకి పరిగెత్తారు. ఏం చెయ్యాలి? (ఆష్‌బర్న్, వర్జీనియా)

జవాబు: ముందు కిటికీలు తెరువు నాయనా.

బర్బరే ఒట్టి కారం కాదు. ఎండుమిరపకాయలతోపాటు వెల్లుల్లి, అల్లం, మెంతులు, వాము, కొరారిమా, తులసి లాంటి ఆకు, ఇలా చాలా కలిపి ఎండబెట్టి, వేయించి ఆడించిన పొడి. అంటే ఒకసారి వేగిపోయి వచ్చిందే, దాన్ని కాగే నూనెలో వేస్తే మాడక ఏమవుతుంది. మన సాంబారు పొడిని తాలింపులో వేస్తామా?

వాళ్ళ పద్ధతి ఇలా. ఇద్దరు ముగ్గురికి అనుకుంటే రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా, ఎంత సన్నగా అంటే మిక్సీలో రెండు తిప్పులు తిప్పినట్టుగా తరిగి, మందపాటి గిన్నెలో నూనె లేకుండా వేసి, సన్నసెగ మీద కలుపుతూ ఉండాలి. అవును, నూనె లేకుండా. అంటుకుంటుంటే చెంచాడు నీళ్ళు చల్లు. పావుగంటా ఇరవై నిమిషాలకి నీరంతా పోయి ముద్దయి, తియ్య వాసన వస్తుంది. అప్పుడు పావు కప్పు నూనె, తర్వాత రెండు చెంచాల బర్బరే, వెంటనే కాసిని నీళ్ళు. ఆ ముద్దని సన్నసెగ మీద ఇంకో పది నిమిషాలు నీళ్ళు చల్లుతూ వేయించాలి, నూనె తేలి రంగు ఎర్రమట్టి నుంచి ముదురు ఇటుక రంగుకి తిరుగుతుంది. దీన్ని కులెట్ అంటారు, వాళ్ళ ఎర్ర కూరలన్నిటికీ పునాది ఇదే. అల్లంవెల్లుల్లి వేసి, కడిగిన ఎర్ర మసూర్ పప్పు ఒక కప్పు, మూడు కప్పుల నీళ్ళు పోసి మెత్తగా ఉడకనిస్తే మిసిర్ వత్. పోపు పెట్టకు, చింతపండు పిండకు, పులుపు ఇంజెరా ఇస్తుంది.

కోడి తింటావనుకుంటా, ఇదే కులెట్‌లో ఉల్లిపాయలు మూడింతలు చేసి కోడిముక్కలు, ఉడికించిన గుడ్లు వేస్తే డోరో వత్. పండగ కూర అది. ఒక కోడికి ఇన్ని ఉల్లిపాయలా అని నేను నోరెళ్ళబెట్టా మొదటిసారి, కానీ ఉడికాక ఉల్లిపాయ అన్న మాటే కనపడదు. బర్బరే డబ్బా ఫ్రీజర్లో పెట్టుకో, ఆర్నెల్లకైనా రంగు మారదు.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టం. కొట్టు వెనక నాలుగు బల్లలు వేసి భోజనం పెడుతున్నారు. షిరో, పప్పు శాకాహారమే కదా, నిశ్చింతగా తినొచ్చా? ఒకే వంటగదిలో మాంసం కూడా కోస్తున్నారు. (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: ఒకే వంటగది అన్నది మీ పట్టింపుని బట్టి, దానికి నేనేం చెప్పలేను. పదార్థం వరకు అయితే ఒక్క మాట నేర్చుకోండి: త్సోమ్. అంటే ఉపవాసం.

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, వెన్న, గుడ్డు ఏదీ ముట్టరు, ఈస్టర్ తర్వాత 50 రోజులు తప్ప ఏడాది పొడుగునా. ఈస్టర్ ముందు వరసగా 55 రోజులు ఇంకో పెద్ద ఉపవాసం. అన్నీ కలిపితే సంవత్సరంలో 200 రోజులు దాటుతాయంటారు. మన కార్తీకమాసం ఏడుసార్లు వచ్చినట్టు! అందుకే అన్ని రకాల శాకాహారం ఉంది ఆ వంటలో, ఎవరో డైటీషియన్ చెప్తే పుట్టింది కాదు అది.

ఇక్కడ జాగ్రత్త ఏంటంటే ఉపవాసం లేని రోజు షిరోలో నిటర్ కిబ్బే వెయ్యొచ్చు, అంటే మసాలా దినుసులు వేసి కాచిన నెయ్యి. నెయ్యి మీకు అభ్యంతరం లేకపోతే అది అమృతం, అడిగి మరీ వేయమనండి. పాలపదార్థం కూడా వద్దనుకుంటే "యెత్సోమ్" అని అడగండి, ఉపవాసానిది అని అర్థం, నూనెతో చేసింది పెడతారు. బెయాయినెతు అడిగితే పెద్ద ఇంజెరా మీద పప్పు రెండు రకాలు, పసుపు వేసిన బంగాళాదుంప క్యాబేజీ, ఆకుకూర గొమెన్, షిరో, బీట్‌రూట్, అన్నీ కుప్పలుగా పెట్టిస్తారు. కొందరు ఉపవాసంలో చేప తింటారు, కాబట్టి చేప వద్దని ఇంకో ముక్క చెప్పండి. బుధ, శుక్రవారాల మధ్యాహ్నం వెళ్ళడం అన్నిటికంటే సుఖం, ఆ రోజు పళ్ళేలన్నీ అవే తిరుగుతుంటాయి, వేడిగా ఉంటాయి.

ప్రశ్న: మా పాపకి గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే జిగురు) పడదు, సీలియాక్ అని డాక్టరు చెప్పారు. టెఫ్‌లో గ్లూటెన్ లేదని చదివా. ఇంజెరా పెట్టొచ్చా?

జవాబు: టెఫ్‌లో లేదు, నిజమే. కొట్లో కట్టలో ఉన్నది మాత్రం ఒట్టి టెఫ్ అని అనుకోకండి. అమెరికాలో అమ్మే ఇంజెరాలో చాలావాటిలో గోధుమపిండో, బార్లీయో, సెల్ఫ్ రైజింగ్ పిండో కలుపుతారు, ధర తగ్గుతుంది, మెత్తగా కూడా వస్తుంది. రంగు చూసి తేల్చొద్దు, ముదురుగా ఉన్నా కలిపి ఉండొచ్చు. సంచి మీద దినుసులు చదవండి, నూటికి నూరు టెఫ్ అని ఉన్నా అదే పెనం మీద కలిపినది కూడా కాలుస్తారా అని అడగండి. కోలో బార్లీ, అస్సలు వద్దు. దాబో అంటే గోధుమ రొట్టె, అదీ వద్దు. సీలియాక్‌తో మొహమాటం పనికిరాదు, పాప విషయంలో అనుమానం ఉంటే గ్లూటెన్ లేనిదని రాసున్న టెఫ్ పిండి కొని ఇంట్లోనే జావ కాచి పెట్టండి, రాగిజావలాగే.

ప్రశ్న: అమ్మా, అందరూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తింటారు కదా, పైగా ఒకరి నోట్లో ఒకరు పెడతారట. ఎంగిలి కాదూ? మా అత్తగారు ఊరి నుంచి వచ్చారు, తీసుకెళ్దామంటే భయంగా ఉంది. (హెర్న్‌డన్)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నా, ఎందుకంటే నేనూ మా అమ్మని తీసుకెళ్ళి ఇదే టెన్షన్ పడ్డా.

ముందు నియమాలు చెప్తా. చేతులు కడుక్కునే కూర్చుంటారు. కుడిచెయ్యే వాడతారు, ఎడమచెయ్యి పళ్ళెం మీదికి రాదు, ఈ ఒక్కటి చూస్తే చాలు మన పెద్దవాళ్ళు సగం మెత్తబడతారు. ఎవరి ముందున్న భాగం వాళ్ళు తింటారు, అవతలివాళ్ళ వైపు చెయ్యి చాపరు. ఇంజెరా ముక్క చింపి దాంతో కూర పట్టుకుంటారు కాబట్టి వేళ్ళు కూరలో మునగవు, వేళ్ళు నాకడం తప్పు. నిజం చెప్పాలంటే మా పెళ్ళిళ్ళలో బఫే లైను దగ్గర గరిటెల గతి కంటే ఇది శుభ్రం. అయినా పట్టింపు ఉంటే విడిగా పళ్ళెం అడగండి, ఇస్తారు, ఏమీ అనుకోరు.

నోట్లో పెట్టడాన్ని గుర్షా అంటారు. మా అమ్మ విషయం ఏమైందంటే, పక్క బల్ల దగ్గర తెల్లటి నెటెలా కప్పుకున్న ఒక ముసలావిడ ఉంది, నెటెలా అంటే పల్చటి నూలు పైబట్ట, అంచు చూస్తే మన చేనేత పంచె అంచే. మా అమ్మ ఆ అంచు చూసి ఇదెక్కడ నేసారని తెలుగులో అడిగింది, ఆవిడ వాళ్ళ భాష అమ్హారిక్‌లో ఏదో చెప్పింది, ఇద్దరూ తలలూపుకున్నారు. కాసేపటికి ఆవిడ లేచొచ్చి ఇంజెరా ముక్కలో పప్పూ ఆకుకూరా చుట్టి, పెద్ద ముద్ద, మా అమ్మ నోటి దగ్గర పెట్టింది. నేను కుర్చీలో బిగుసుకుపోయా. మా అమ్మ మడీ తడీ చూసే మనిషి, రైల్లో మంచినీళ్ళు కూడా తాగదు. ఒక్క క్షణం ఆగి నోరు తెరిచింది. తర్వాత కారులో నాతో అన్నది ఒక్కటే, "ముద్ద పెడతానన్నప్పుడు వద్దంటే పెట్టినావిడకి ఎలా ఉంటుందే, పైగా ఆవిడ ఇంకా తినడం మొదలుపెట్టలేదు, నేను చూసా." అంటే ఎంగిలి లెక్క ఆ ఒక్క క్షణంలోనే వేసేసుకుందన్నమాట!

గుర్షా పెద్దగా ఉంటుంది, ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి, కొరికి సగం వదిలేస్తే బాగోదు. ఒక్కటితో ఆపరు, రెండోదీ వస్తుంది, అత్తగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ప్రశ్న: పచ్చి కాఫీ గింజలు కొన్నాను, యిర్గాచెఫ్ అని రాసుంది. ఇంట్లో వేయించితే స్మోక్ అలారం మోగి మొత్తం ఫ్లోర్ బయటికొచ్చింది. ఇంకో దారి ఉందా?

జవాబు: మాకూ మోగింది, రెండుసార్లు. ఎండాకాలమైతే బాల్కనీలో ఎలక్ట్రిక్ స్టవ్ పెట్టుకోండి, మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకుంటే. లోపలైతే కొంచెం కొంచెం, గుప్పెడు గింజలే, మందపాటి మూకుడులో మధ్యసెగ మీద చెయ్యి ఆపకుండా కలుపుతూ వేయించండి. పచ్చ, పసుపు, దాల్చినచెక్క రంగు, తర్వాత చిటపటమని మొదటి చప్పుడు, అది సద్దుమణిగాక ఒక నిమిషానికి దించెయ్యండి. నూనె కారి నల్లబడేదాకా ఉంచితేనే అంత పొగ. చేటలో పోసి పొట్టు చెరగాలి, చేట లేకపోతే జల్లెడ. మన ఫిల్టర్‌కి అయితే ఒకరోజు ఆగి మిక్సీలో పట్టండి.

వాళ్ళకి ఆ పొగే ముఖ్యం అనుకోండి. వేయించిన మూకుడు తెచ్చి కూర్చున్నవాళ్ళందరి ముందూ తిప్పుతారు, చేత్తో పొగని మొహం మీదికి లాక్కోవాలి, హారతి కళ్ళకద్దుకున్నట్టు. పక్కన నిప్పుల మీద సాంబ్రాణి లాంటి ధూపం. జెబెనా అని పొడుగుమెడ నల్లమట్టి కూజాలో కాచి, చెవులు లేని చిన్న గిన్నెల్లో ఎత్తునుంచి పోస్తారు, తోడు పేలాలు. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా, ఒకే పొడిలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తారు కాబట్టి మూడోది పల్చగా ఉంటుంది, కానీ బెరెకా అంటే ఆశీర్వాదం, తాగకుండా లేవకూడదు. నేను పప్పు మర్చిపోయింది ఇందుకే.

ప్రశ్న: నేను పాడేరు వైపు వాణ్ణి, ఇప్పుడు వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఉంటున్నా. ఇక్కడి కొట్లో నూగ్ అని నల్లటి గింజలు చూసా, అచ్చం మా వలిసెల్లా ఉన్నాయి. అవేనా?

జవాబు: అవే తమ్ముడూ! చలికాలం మొదట్లో అరకు కొండలమీద పసుప్పచ్చగా పరుచుకునే వలిసె పూలు ఉన్నాయి చూడు, అందరూ ఫోటోలు దిగుతారే, దాని శాస్త్రీయ నామంలోనే అబిసీనికా అని ఉంటుంది, అబిసీనియా అంటే ఇథియోపియా. అక్కడ దాన్నుంచి వంటనూనె తీస్తారు. ఇక్కడ అమెరికాలో మాత్రం పిట్టలకి మేతగా అమ్ముతారు, చూస్తే మీ నాన్నగారికి కోపం వస్తుంది. ఇంకో సంగతి, రాగులు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల నుంచే మన దగ్గరికి వచ్చాయి, వాళ్ళు దగుస్సా అంటారు. అరకులో పండే అరబికా కాఫీకి పుట్టిల్లూ ఇథియోపియానే. ఆ కొట్లో నువ్వు చుట్టానివి, మేమే కొత్తవాళ్ళం.

ఒక ఉత్తరం: విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు రాసారు, ప్రశ్న కాదు: "2000ల చివర్లో ఐదేళ్ళు ఇథియోపియాలోని గోండర్‌లో పాఠాలు చెప్పాను. మా డిపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళమే అరడజను మందిమి. మొదటిరోజు క్లాసు మూడింటికి అన్నారు, మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గది ఖాళీ. వాళ్ళ లెక్కలో పొద్దున ఆరు నుంచి గంటలు మొదలవుతాయి, మూడంటే మన తొమ్మిది. మీరు గెన్ఫో గురించి రాయలేదేం? నేను రాయలసీమ వాణ్ణి, అన్నాళ్ళూ అదే నన్ను బతికించింది."

రాయలేదు సార్, తప్పే. గెన్ఫో అంటే బార్లీపిండో గోధుమపిండో వేడినీళ్ళలో కెలికిన గట్టి ముద్ద, పళ్ళెం మధ్యలో గుండ్రంగా పెట్టి, నడినెత్తిన గుంట చేసి, ఆ గుంటలో కాచిన నెయ్యి, బర్బరే పోస్తారు, అంచుల నుంచి తుంచి ముంచుకుని తినడం. సంకటి ముద్ద గుంటలో నెయ్యి పోసుకున్నవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పిండి కొట్లో దొరుకుతుంది, బాలింతలకి బలానికి పెడతారని మా కొట్టావిడ చెప్పింది. మీ పాత విద్యార్థుల దేశం వాళ్ళు ఇప్పుడు మీ ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీలు చేస్తూ బీచ్ రోడ్డు మీద తిరుగుతుంటారు కదా, ఒకరోజు ఇంటికి పిలవండి, గెన్ఫో వాళ్ళే చేసిపెడతారు.

ప్రశ్న: హబేషా మార్కెట్ అని బోర్డు ఉంటుంది చాలాచోట్ల. హబేషా అంటే ఓనరు పేరా?

జవాబు: కాదు, ఇథియోపియా, ఎరిత్రియా వాళ్ళు చాలామంది తమని తాము పిలుచుకునే మాట. అరబ్బుల నోట్లో అది హబష్, మన దక్కన్‌లో హబ్షీ. హైదరాబాద్‌లో హబ్సీగూడ దగ్గర బస్సు దిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు మనలో, ఆ పేరు వెనక ఉన్నది ఈ హబ్షీలే అంటారు. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం దగ్గర పనిచేసిన గుర్రపు దళం.

ప్రశ్న: అక్కా, ఆ కొట్లో కరివేపాకు దొరుకుతుందా? ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలంటే నలభై నిమిషాలు డ్రైవింగ్.

జవాబు: దొరకదు. నేనూ అడిగా, చేత్తో రెమ్మ ఆకారం చూపించి, కూరలో వేస్తాం అని అభినయం కూడా చేసి. ఆవిడ అర్థమైందన్నట్టు లోపలికెళ్ళి ఒక ఆకుల కట్ట తెచ్చి చేతిలో పెట్టింది, తెనా ఆదం. వాసన చూస్తే మా అమ్మమ్మ చంటిపిల్లలకి వాడే సదాపాకు! డబ్బులిస్తే తీసుకోలేదు. కూరలో వెయ్యకు, కాఫీలో ముంచు అని సైగ చేసింది. ముంచా. బానే ఉంది.